తిమింగలాలు కనిపించకపోతే ఇలా చూడండి

కాలిఫోర్నియా ఒడ్డున బైనాక్యులర్‌తో రెండు గంటలు వెతికినా గ్రే తిమింగలం ఒక్కటీ కనబడలేదని రాశారు. బైనాక్యులర్‌లో సముద్రం చిన్న ముక్కే కనిపిస్తుంది. అందుకే ముందు మామూలు కళ్లతో మొత్తం నీటిని నెమ్మదిగా చూడండి. కనబడాల్సింది దాని ఊపిరి: 3, 4 మీటర్ల ఎత్తుకు తెల్లటి ఆవిరి లేచి, క్షణాల్లో చెదిరిపోతుంది.

అది కనబడిన చోటే చూపు నిలిపితే మిస్సవుతారు. చాలామందికి జరిగేది ఇదే. వలసలో ఉన్న గ్రే తిమింగలం వరుసగా కొన్నిసార్లు ఊపిరి పీల్చి, మునిగి, సాధారణంగా 3 నుంచి 5 నిమిషాలు లోపలే ఉంటుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగం అనుకున్నా, ఆ 5 నిమిషాల్లో 600 మీటర్లు దాటి వెళ్లిపోతుంది. కాబట్టి అది వెళ్తున్న దిక్కులో అంత ముందుకు చూస్తూ ఆగండి. బైనాక్యులర్ వాడాల్సింది అప్పుడు.

గాలి తక్కువగా ఉండే ఉదయం వెళ్లండి. అలల మీద తెల్ల నురుగు ఉంటే ఆవిరిని పోల్చుకోలేం. వీలైనంత ఎత్తైన చోట నిలబడండి.

జనవరిలో అవి దక్షిణానికి గుంపులుగా వెళ్తుంటాయి. కానీ నా మాట వింటే ఏప్రిల్ చివర్లో మళ్లీ వెళ్లండి. అప్పుడు పిల్లలతో ఉత్తరానికి తిరిగొచ్చే తల్లులు ఒడ్డుకు బాగా దగ్గరగా వస్తాయి.