ఇల్లు అమ్మేటప్పుడు ఏసీలు ఎవరివి?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో 2010లో కట్టించుకున్న మా ఇల్లు అమ్మేసి, బెంగళూరులో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్లాలనుకుంటున్నాము. ఇంట్లో రెండు స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి. ఒకటి ఇల్లు కట్టిననాటిది, రెండోది మూడేళ్ల కిందట కొన్నది. ఇవి కాక రెండు గీజర్లు, చిమ్నీ, ఇన్వర్టర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉన్నాయి. పాతవి తీసేసి కొత్తవి పెడితే మంచి ధర వస్తుందని మధ్యవర్తి అంటున్నారు. ఇల్లు చూడడానికి వచ్చినవారేమో ఏసీలు ఎలాగూ ఇంటితోనే వస్తాయన్నట్టు మాట్లాడుతున్నారు. ఏవి వదలాలి, ఏవి మార్చాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మకం కోసమని కొత్త ఏసీలు కొనకండి. మన ఊళ్లలో ఇంటి బేరం గజం ధర, రోడ్డు వెడల్పు, కట్టడం వయసు, నీటి వసతి మీద నడుస్తుంది కానీ గోడకున్న ఏసీ మీద నడవదు. పైగా మీరు ఎంచిన కంపెనీ కొనేవారికి నచ్చకపోవచ్చు. మధ్యవర్తికి ఇల్లు త్వరగా అమ్ముడుపోతే చాలు, ఆ ఖర్చు ఆయనది కాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, వేరే విధంగా రాసుకోకపోతే, ఇంటితోపాటు తలుపులు, కిటికీలు, తాళాలు, తాళంచెవులే కాక, ఆ ఇంట్లో శాశ్వతంగా వాడుకోవడానికి ఏర్పాటు చేసినవి కూడా కొన్నవారికే చెందుతాయి. కాబట్టి బోరు మోటారు, నీళ్ల ట్యాంకు, వైరింగు గురించి పేచీ ఉండదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మీవే. గోడకు బిగించినా విప్పి తీసుకుపోగలిగిన ఏసీ, గీజరు, చిమ్నీల దగ్గరే వాదన వస్తుంది. దానిని కోర్టు దాకా పోనివ్వకుండా కాగితం మీదే తేల్చుకోవడం మేలు.

2010 నాటి ఏసీలో గదిని చల్లబరచడానికి ఆర్-22 అనే పాత రకం గ్యాసు ఉండే అవకాశం ఎక్కువ. ఆ గ్యాసు వాడకాన్ని మన దేశం 2030 నాటికి దాదాపుగా ఆపేయాలి. గది చల్లబడుతుంటే ఆ ఏసీని ధర కట్టకుండా వదిలేయండి. చల్లబడకపోతే తీయించి, రాగి గొట్టాల కోసం చేసిన కంతను సిమెంటుతో పూడ్పించి, సున్నం వేయించండి. పాడైన యంత్రాన్ని గోడకు ఉంచితే, దానిని చూపించి దాని విలువకు మించి ధర తగ్గించమంటారు. మూడేళ్ల ఏసీని మాత్రం విప్పించి, బెంగళూరు చేర్చి, మళ్లీ బిగించడానికి అయ్యే ఖర్చు లెక్కవేసుకోండి. నన్నడిగితే, అక్కడి వాతావరణానికి అంత శ్రమ అనవసరం. కొనేవారికే ఒక ధర చెప్పి ఇచ్చేయడం మంచిది.

మార్చవలసింది ఏదైనా ఉందంటే అది గీజరే, అదీ ట్యాంకు కారుతుంటేనే. బోరు నీళ్ల ఉప్పు ఎలిమెంటు మీద పేరుకుని ఉంటే శుభ్రం చేయించి, ఎర్తింగు, సేఫ్టీ వాల్వు చూపించండి. ఇక్కడ ఖర్చు ధర కోసం కాదు, ప్రాణభయం లేకుండా ఉండడానికి. చిమ్నీ వదిలేయండి. ఇన్వర్టర్ తీసుకువెళ్లదలిస్తే, ఎలక్ట్రీషియన్ చేత ఆ లైనును మామూలు కరెంటుకు కలిపించాలి. లేకపోతే దాని మీద నడిచే లైట్లు, ఫ్యాన్లు పనిచేయవు.

తీసుకువెళ్లదలచినవాటిని వీలైతే ఇల్లు చూపించడానికి ముందే తీసేయండి. ఇప్పటికే చూసి వెళ్లినవారికి బయానా పుచ్చుకోక ముందే నోటిమాటగా కాక రాతపూర్వకంగా తెలియజేయండి. ఏ గదిలో ఏ కంపెనీ వస్తువు ఉంటుందో, ఏది ఉండదో క్రయ ఒప్పందంలో రాయించి, ‘ఉన్నది ఉన్నట్లుగా, హామీ లేకుండా’ అన్న మాట చేర్పించండి. ఏసీకి విడిగా డబ్బు తీసుకుంటే వేరే రసీదు ఇవ్వండి. అయితే స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి ఇంటి ధరలో కొంత ఏసీ పేరున చూపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, అది తరువాత మీ ఇద్దరికీ చిక్కు తెస్తుంది.

స్వాధీనం చేసే రోజున కొన్నవారి ఎదుటే ప్రతి వస్తువునూ ఆన్ చేసి చూపించి, రిమోట్లు, బిల్లులు అప్పగించి, సంతకం తీసుకోండి. వంటగ్యాసు కనెక్షన్ మాత్రం ఇంటితో పోయేది కాదు, దానిని మీ పేరునే బెంగళూరుకు బదిలీ చేయించుకోండి.