శాఖల మధ్య డేటా అనుమతుల గురించి

చిరంజీవి శ్రావణికి,

ఆశీస్సులు. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, చెన్నై శాఖలు గల మీ టోకు వ్యాపార కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరికి ఏ డేటా కనబడాలన్న దగ్గర పని ఆగిందని రాశావు. నువ్వు పంపిన పట్టికలో "హైదరాబాద్ సేల్స్ మేనేజర్", "విజయవాడ సేల్స్ మేనేజర్" అంటూ ఊరికొక రోల్ (ఒక హోదాకు ఇచ్చే అధికారాల మూట) ఉంది. ముందు దాన్ని పక్కన పెట్టు. ఇన్వాయిస్‌ను ఆమోదించే అధికారం ఉందా లేదా అన్నది రోల్ చెప్పాలి. ఏ శాఖల ఇన్వాయిస్‌లను ఆమోదించవచ్చన్నది ఆ ఉద్యోగికి విడిగా కేటాయించిన పరిధి చెప్పాలి. రెండింటినీ కలిపేస్తే కొత్త శాఖ తెరిచిన ప్రతిసారీ రోల్స్ అన్నీ మళ్లీ రాసుకోవలసి వస్తుంది.

అసలు చిక్కు, ఏ రికార్డు ఏ శాఖదో తేల్చడంలో ఉంది. ఒకే పాన్ గల కొనుగోలుదారుకు జీఎస్టీ నమోదు సంఖ్య రాష్ట్రానికి వేరుగా ఉంటుంది. తెలంగాణది 36తోనూ, ఆంధ్రప్రదేశ్‌ది 37తోనూ మొదలవుతుంది. అలాంటి కొనుగోలుదారు ఖాతాను హైదరాబాద్‌కే కట్టిపడేస్తే, అది కనబడని విజయవాడ వాళ్లు అదే పేరుతో ఇంకొకటి తెరుస్తారు, ఆపైన అతని మొత్తం బాకీ ఎంతో, అప్పు పరిమితి దాటాడో లేదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి పేరు, పాన్, మొత్తం అప్పు పరిమితి అన్ని శాఖలకూ కనబడనివ్వు. ధరలు, తగ్గింపులు, ఇన్వాయిస్‌లు మాత్రం శాఖ పరిధిలో ఉంచు. ఇన్వాయిస్ పుట్టినప్పుడే దాని మీద శాఖను నమోదు చేయాలి. తయారుచేసిన ఉద్యోగి ప్రస్తుత శాఖను బట్టి లెక్కిస్తే, అతను చెన్నైకి బదిలీ అయిన రోజున విజయవాడ పాత లెక్కలన్నీ అతని వెంట వెళ్లిపోతాయి.

ఈ పరిధిని స్క్రీన్‌లలో మాత్రమే అమలు చేస్తే చాలదు, ఎందుకంటే రిపోర్టులూ, ఎక్సెల్ ఎగుమతులూ, మొబైల్ యాప్ డేటా అడిగే దారులైన ఏపీఐలూ ఆ స్క్రీన్‌ల గుండా పోవు. మీరు వాడుతున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 9.5 వెర్షన్ నుంచి రో లెవెల్ సెక్యూరిటీ, అంటే టేబుల్‌లో ఏ వరుసలు ఎవరికి కనబడాలో డేటాబేసే చూసుకునే ఏర్పాటు ఉంది, దాన్ని వాడుకో. అయితే ఆ నియమాలు టేబుల్ యజమానికి మామూలుగా వర్తించవు. మీ అప్లికేషన్ ఆ టేబుల్ యజమాని ఖాతాతోనే డేటాబేస్‌కు కనెక్ట్ అవుతుంటే నియమాలన్నీ రాసినా రాయనట్టే. దానికి వేరే ఖాతా ఇవ్వు. వ్యూలు (టేబుళ్ల మీద దాచి ఉంచిన క్వెరీలు) కూడా మామూలుగా వాటి యజమాని హక్కులతోనే నడుస్తాయి. 15వ వెర్షన్ నుంచి, చూసేవారి హక్కులతో నడిపే సెట్టింగు వచ్చింది. ఇక కనెక్షన్ పూలింగ్ (కొన్ని డేటాబేస్ కనెక్షన్లనే అందరూ వంతులవారీగా వాడుకోవడం) ఉన్నచోట వాడుకరి గుర్తింపును ఆ ఒక్క ట్రాన్సాక్షన్‌కే పరిమితం చేయకపోతే, అదే కనెక్షన్ అందుకున్న తరువాతి వాడుకరికి ముందువారి పరిధి దక్కే ప్రమాదం ఉంది. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం, పరీక్షల్లో ఒక్కరే వాడుతుంటారు కనుక బయటపడదు.

ప్రధాన కార్యాలయంలో అందరికీ అన్నీ చూపమని తప్పక అడుగుతారు. ఎవరికి ఏ పనికోసమో రాయించుకుని ఇవ్వు. ఆడిటర్లకు చూసే హక్కు మాత్రమే, గడువుతో సహా, చాలు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే, ఆపడానికి వీలులేని ఆడిట్ ట్రెయిల్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. కనుక దాన్ని ఆపే మీట అడ్మిన్ చేతిలో కూడా ఉండకూడదు.

సవరించిన పట్టికలో తాత్కాలికంగా రెండు శాఖలు చూసే ఉద్యోగుల సంగతి కూడా చేర్చి పంపు.

ఇట్లు,
మీ బాబాయి