జీమ్యాట్ రాయబోతున్న మా చిన్నమ్మలుకి

చిన్నమ్మలూ,

నువ్వు జీమ్యాట్ రాస్తున్నావని, ఎంబీఏకి బయటి దేశం వెళ్తానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను. తీరా పడుకున్నాక గుబులు పట్టుకుంది. లెక్క తేలందే అన్నానికి లేచేదానివి కాదు నువ్వు. లెక్కల టీచరుగా నాకు ఆ పట్టుదల ముద్దొచ్చేది గానీ ఈ పరీక్షలో అదే కొంప ముంచుతుంది.

బాగా చదువు, నమూనా పరీక్షలు రాయి, ఆ ముందు రాత్రి నిద్రపో. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు.

మీ అన్నయ్య సంగతి మాత్రం చెప్పాలి. "స్కోరు కొంచెం తగ్గింది" అని అప్పట్లో మీ అందరికీ చెప్పాం కదా, జరిగింది వేరు. మొదటి పది ప్రశ్నలతోనే జాతకం తేలిపోతుందని కోచింగ్‌లో ఎవరో వాడి బుర్రకెక్కించారు. అప్పట్లో లెక్కల విభాగంలో 75 నిమిషాలకు 37 ప్రశ్నలు. వీడు ఒక్కోదాన్ని రెండేసి సార్లు సరిచూసుకుంటూ ఆ పదింటి దగ్గరే సగం టైమ్ పోగొట్టాడు. తర్వాత ఏదో వృత్తం లెక్క వచ్చిందట. దాన్ని పట్టుకుని వదల్లేదు. మన రక్తం కదా! ఈ పరీక్షలో జవాబు ఒప్పయితే కంప్యూటర్ తర్వాత కష్టమైన ప్రశ్న, తప్పయితే తేలికైనది ఇస్తుందట. చివరికి ఏదో జవాబు నొక్కితే, తర్వాతి ప్రశ్న మరీ తేలిగ్గా వచ్చింది. 'వృత్తం తప్పయిపోయింది, అందుకే కంప్యూటర్ నన్ను కిందకి దించేసింది' అనుకున్నాడు. ఇక టెన్షన్‌తో తెలిసినవి కూడా తప్పులు పెట్టాడు. ఆఖరి ప్రశ్నలు తెరమీదకి రాకుండానే టైమ్ అయిపోయింది. ఖాళీగా వదిలేసినవాటికి స్కోరులో కోత పడుతుంది, పడింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగి ఇంటికొచ్చే దాకా వాడు నోరు విప్పితే ఒట్టు. నేనేమో ముందు ఫీజు గురించి అడిగాను, పిచ్చి మొహాన్ని.

వాడు అంత కుస్తీ పట్టిన ఆ వృత్తం లెక్క అసలు స్కోరులో కలిసిందో లేదో ఎవరికీ తెలీదు. ఈ పరీక్షలో కొన్ని ప్రశ్నలకు మార్కులుండవు. ఎంత కష్టమో తేల్చుకోడానికి కొత్త ప్రశ్నలను పరీక్ష రాసేవాళ్ల మీదే ముందు ప్రయోగించి చూస్తారు. పలాసలో జీడిపప్పు కొంటే రుచికని చేతిలో పెట్టిన పలుకు తూకంలోకి రాదు చూడు, అలాంటివన్నమాట. ఏవి అలాంటివో బయటికి తెలియనివ్వరు. అవి నీ స్థాయిని చూసి ఇచ్చేవి కావు కనుక మధ్యలో ఒకటి తేలిగ్గా తగిలినా, కొరకరాని కొయ్యలా తగిలినా దాన్నిబట్టి నీ స్కోరు ఊహించుకోకు. 'ఇది లెక్కలోకి రాదులే' అని వదిలెయ్యనూ వద్దు. అన్నీ ఒకేలా చెయ్యి.

ఇప్పుడు పరీక్ష మారిందని అన్నయ్య చెప్పాడు. మూడు విభాగాలు, ఒక్కోదానికి 45 నిమిషాలు. లెక్కల్లో 21 ప్రశ్నలు, వెర్బల్‌లో (ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునేది) 23, డేటా ఇన్‌సైట్స్‌లో (పట్టికలు, గ్రాఫులు చూసి జవాబు చెప్పేది) 20. లెక్కల్లో ఏడు ప్రశ్నలయ్యేసరికి 30 నిమిషాలు, పద్నాలుగయ్యేసరికి 15 నిమిషాలు మిగలాలి. మిగతా రెండింటిలోనూ ఇంచుమించు అంతే. గడియారం ఆ రెండు చోట్లే చూడు, ప్రతి ప్రశ్నకీ చూస్తే గుండె దడ తప్ప ఒరిగేదేం లేదు. రెండు నిమిషాలు దాటినా దారి దొరక్కపోతే కాదనిపించినవి కొట్టేసి, ఉన్నవాటిలో ఒకటి పెట్టి, బుక్‌మార్క్ చేసి కదులు. విభాగం చివర టైముంటే వెనక్కెళ్లి మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు. మీ అన్నయ్యకు ఆ వీలు లేదు తల్లీ.

పరీక్షకు హైదరాబాద్ వెళ్లేటట్టయితే ఒకరోజు ముందే అక్కడుండు. మన రైళ్లను నమ్మకు. అక్టోబరులో మాత్రం అస్సలు పెట్టుకోకు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రైళ్లు ఎలా ఆగిపోయాయో చూశావుగా. నవ్వుకో, పెద్దమ్మ చాదస్తం అనుకో, ఆ నెల మాత్రం వద్దు. ఒకవేళ స్కోరు రాకపోయినా 16 రోజులాగి మళ్లీ రాయొచ్చు. ఆ ఫీజు నేనిస్తాను, మీ నాన్నకు చెప్పకు.

ఇంకోటి. అక్కడ ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టే కావాలి. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉందో, పొడి అక్షరమే ఉందో చూసి, అచ్చం అలాగే రిజిస్టర్ చెయ్యి. తేడా వస్తే లోపలికే రానివ్వరు. ఈ ఉత్తరం అందగానే పాస్‌పోర్టు ఫొటో అన్నయ్యకు పంపు, వాడు చూశాకే డబ్బు కట్టు.

మీ పెద్దమ్మ