మైఎస్‌క్యూఎల్ స్లో అవుతోంది, ఏ మానిటరింగ్ టూల్ కొనాలి?

కర్నూలులో మీ ఆఫీసు సర్వర్ రోజూ పదకొండు గంటల ప్రాంతంలో మొరాయిస్తోందనీ, మైఎస్‌క్యూఎల్ 8కి ఏ టూల్ కొనాలో చెప్పమనీ అడిగారు. ఇప్పుడప్పుడే ఏదీ కొనకండి. మీకు కావలసిన సమాచారం చాలావరకు ఆ డేటాబేస్‌లోనే ఉంటుంది.

నేను ఆదోనిలో పత్తి కమీషన్ కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. సీజన్లో తూకాలు మొదలయ్యాక కంప్యూటర్ కాసేపు ఆగినా రైతులు చీటీలు పట్టుకుని నిలబడిపోతారు. అలా ఆగుతున్నప్పుడు అందరూ అనుమానించింది నెలవారీ రిపోర్టును. క్వెరీ అంటే డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్న; పరిమితి కంటే ఎక్కువసేపు పట్టిన క్వెరీలను రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్‌లోనూ అదే కనిపించింది. కానీ మైఎస్‌క్యూఎల్‌తోనే వచ్చే సిస్ స్కీమాలో స్టేట్‌మెంట్ అనాలిసిస్ అనే వ్యూ (టేబుల్ లాంటి రెడీమేడ్ నివేదిక) తెరిస్తే సంగతి వేరేగా ఉంది. ఆ వ్యూ ఒక్కో రకం క్వెరీకి మొత్తం మీద ఎంత సమయం పోయిందో లెక్కగట్టి, ఎక్కువ పోయినదాన్ని పైన చూపిస్తుంది. పైన ఉన్నది రైతు పాత బాకీ తెచ్చే చిన్న క్వెరీ! ఒకసారి నడవడానికి అర సెకను కూడా పట్టదు కాబట్టి స్లో లాగ్‌కు చిక్కలేదు. ఖాతా నంబరు కొడుతుంటే ప్రతి అంకెకూ స్క్రీన్ దాన్ని మళ్లీ పంపుతోంది. పక్క కాలమ్స్ చూస్తే, తెచ్చే వరుసలు ఒకటో రెండో, అందుకోసం వెతికేవి లక్షల్లో. ఖాతా నంబరు మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) వేసి, నంబరు పూర్తయ్యాకే క్వెరీ వెళ్లేలా మార్పించాం. బిల్లులు ఆగడం పోయింది.

అందుకే ఎప్పుడూ మొత్తం సమయం చూడండి, ఒక్కసారి పట్టే సమయం ఒక్కటే చూడొద్దు.

స్లో లాగ్ కూడా అవసరమే. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, పరిమితి 10 సెకన్లు. దాన్ని ఒక సెకనుకో, ఇంకా తక్కువకో దించండి. గ్లోబల్‌గా మార్చిన విలువ కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది, అప్లికేషన్‌ను ఒకసారి రీకనెక్ట్ చేయించాలి. ఆ లాగ్‌ను పెర్కోనా కంపెనీ వాళ్ల పీటీ క్వెరీ డైజెస్ట్ అనే టూల్‌కు ఇస్తే అదీ మొత్తం సమయం ప్రకారమే వరుస పెడుతుంది.

సర్వర్ ఆగిందని టెన్షన్ పడి మైఎస్‌క్యూఎల్‌ను రీస్టార్ట్ చేయకండి. ఆ వ్యూలోని లెక్కలన్నీ మెమరీలో ఉంటాయి, రీస్టార్ట్‌తో చెరిగిపోతాయి. ముందు ఆ వ్యూను ఫైల్‌లోకి తీసుకోండి. ఇంకో గుర్తు: స్క్రీన్ సరిగ్గా 50 సెకన్లు ఆగి ఎర్రర్ ఇస్తోందంటే అది లాక్ కోసం, అంటే ఇంకొకరు పట్టుకున్న వరుస వదిలేదాకా, ఎదురుచూపు కావచ్చు, ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ డేటాను దాచే ఇంజిన్) డిఫాల్ట్ గడువు అంతే. అప్పుడు అదే సిస్ స్కీమాలోని ఇన్నోడీబీ లాక్ వెయిట్స్ చూస్తే ఎవరు ఎవర్ని ఆపుతున్నారో తెలుస్తుంది. కమిట్ చేయకుండా, అంటే ఖరారు చేయకుండా, వదిలేసిన ట్రాన్సాక్షన్ అక్కడ దొరికిపోతుంది.

నిన్న పదకొండుకు ఏమైందో ఇవాళ చూడాలంటే మాత్రం టూల్ కావాలి. దానికి పెర్కోనా మానిటరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ పెట్టుకోండి, ఉచితం. గ్రాఫులూ, క్వెరీల లెక్కా ఒకేచోట ఉంటాయి. డేటాబేస్ ఉన్న మెషీన్‌లో కాకుండా వేరేదాంట్లో పెట్టండి. ప్రోమీథియస్, గ్రాఫానా అనే మానిటరింగ్ టూల్స్ కూడా మంచివే, కానీ క్వెరీ స్థాయి వివరాలకు అదనంగా శ్రమపడాలి. డేటాడాగ్ లాంటి డబ్బులిచ్చేవి సర్వర్లు చాలా ఉన్నవాళ్లకు, ఒక్క సర్వర్‌కు నేనైతే ఖర్చు పెట్టను.

రేపు పదకొండున్నరకు ఆ వ్యూలో పై ఐదు వరుసలు తీసి ఇక్కడ పెట్టండి. విలువల స్థానంలో ప్రశ్నార్థకాలే ఉంటాయి, మీ కస్టమర్ల వివరాలు బయటపడవు. ఏ ఇండెక్స్ లేదో చూసి చెప్తాను.