ముందు బదాయూనీని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

అక్బరు మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. వచనం బాగుంది. అక్బరు మరీ మంచివాడుగా ఉన్నాడు, అదే చిక్కు. ఇన్ని పుటల్లో ఆయనకు ఒక్కసారి కోపం రాలేదు.

1563లో యాత్రికుల పన్ను తీసేయడం, మరుసటి ఏడు ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను ఎత్తేయడం, రెండింటినీ రాజుగారి మనసు కరిగిన ఘట్టాలుగా రాశావు. కరిగే ఉండవచ్చు, కాదనను. కానీ అప్పుడే ఆయన రాజపుత్రులను కొలువులోకి తెచ్చుకుంటున్నాడు. మధ్య ఆసియా నుంచి వచ్చిన ఉజ్బెక్ సర్దారులు 1564లో తిరగబడ్డారు కూడా. ఈ రాజకీయ లెక్కలు నీ కథలో ఎక్కడా లేవు. 1568ని పూర్తిగా దాటేశావు. ఆ ఏడాది రాజపుత్రుల చిత్తోడు కోట పడ్డాక ఇదే అక్బరు వేలమంది సామాన్యులను చంపించాడు, ఆ గెలుపును ఇస్లాం విజయంగా చాటుకున్నాడు. జిజియా ఎత్తేసిన నాలుగేళ్లకు! ఇది రాయకపోతే సుల్హ్-ఎ-కుల్, అంటే అన్ని మతాలవాళ్లతోనూ సామరస్యం, ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణమైపోతుంది. ఏళ్ల తరబడి తడబడుతూ కట్టుకున్న పాలనా విధానం అది.

ఇబాదత్ ఖానాలో, అంటే అక్బరు కట్టించిన ప్రార్థనా మందిరంలో, జరిగిన మత చర్చలను కాస్త కుదించు. గోవా నుంచి జెస్యూట్ పాద్రీలు వచ్చిన సన్నివేశం అందరూ రాసేదే. అక్బరు పెట్టిన దీన్-ఇలాహీ అనే మత మార్గానికైతే ఒక పేరా చాలు, అందులో చేరినవాళ్లే కొద్దిమంది.

నీకు కావలసిన పాత్ర బదాయూనీ. కొలువులో బుధవారం నమాజు చేయించే ఇమాము, ఛాందసుడు, పాదుషా ఇచ్చిన వెయ్యి బీఘాల ఇనాము భూమితో బతికేవాడు. 1582లో మహాభారతాన్ని పారశీకంలోకి తెమ్మని ఆజ్ఞ అయింది. పండితులు అర్థం చెబుతుంటే రాసేవాళ్లలో ఇతనొకడు. ఆ కథలంటే ఇతనికి రోత. అయినా రాశాడు. తర్వాత రామాయణం కూడా ఇతని నెత్తినే పడింది. ఆ కడుపుమంటనంతా రహస్యంగా ఒక చరిత్రగా రాసుకున్నాడు. అది జహంగీరు కాలంలో గానీ బయటపడలేదు.

నమ్మకం లేనివాడి చేత కూడా పని చేయించినప్పుడే కదా, అది రాజు ఇష్టం దాటి రాజ్య విధానమయ్యేది! ఫతేపూర్ సిక్రీ దర్బారు వర్ణన పదిహేను పుటలు తీసేసి, ఇతన్ని పండితుల పక్కన కూర్చోబెట్టు. విలన్‌ను మాత్రం చేయకు. మంచి చదువరి, చమత్కారి, తన విశ్వాసానికి అన్యాయం జరుగుతోందని నిజంగా బాధపడినవాడు. పాఠకుడికి అతని మీద జాలి కలగాలి, అతని మాటలకు ఒళ్లూ మండాలి.

ఆ అధ్యాయం రాసి పంపు. అక్బరు సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.