వాల్యుయర్ పరీక్ష మళ్లీ రాసే ముందు

విశాఖపట్నం

చిరంజీవి సురేష్‌ను ఆశీర్వదించి రాయునది.

భూములు, భవనాల విలువ కట్టేవాళ్లు రాసే ల్యాండ్ అండ్ బిల్డింగ్ వాల్యుయర్ పరీక్షలో 54 దగ్గర ఆగిపోయానని చెప్పావు. పాసవ్వడానికి నూటికి 60 రావాలి. బాధ ఉంటుంది, కానీ పట్టుదలకొద్దీ రేపే మళ్లీ స్లాట్ బుక్ చెయ్యకు. ఎన్నిసార్లయినా రాయొచ్చు గానీ ప్రతిసారీ ఫీజు కట్టాల్సిందే.

ఈ రాత్రే కూర్చుని గుర్తున్న ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసెయ్. రెండు రోజులు గడిస్తే సగం మరచిపోతావు. ఒక్కో ప్రశ్న పక్కన తెలిసి పెట్టావా, ఊహించి పెట్టావా, వదిలేశావా రాసుకో.

ఎందుకంటే, అన్నీ ఒక్క మార్కు ప్రశ్నలనుకుని లెక్క చూడు. 59 ఒప్పు, 20 తప్పు, 21 వదిలేశావనుకో. తప్పుకు పావు మార్కు కోత కాబట్టి 59లో 5 పోయి 54. ఆ ఇరవై తప్పుల్లో ఐదు సరిచేసుకుంటే ఒక్కోదానికి 1.25 చొప్పున 6.25 కలిసి గట్టెక్కుతావు. వదిలేసినవాటిలో పదింటికి రెండేసి ఆప్షన్లు కొట్టేయగలిగినా, సగం ఒప్పయితే 3.75 వస్తాయి. కోతకు భయపడి అలాంటివి వదలకు. ఏ ఆప్షనూ కొట్టేయలేనిది మాత్రం వదిలెయ్, దానివల్ల పెద్దగా పోయేది లేదు.

తెలుసనుకుని తప్పు పెట్టినవే అసలు ప్రమాదం. మన విశాఖ వాళ్లకు మొదటి చిక్కు కొలతలు. మధురవాడలో ప్లాటు గజాల్లో, అనకాపల్లి వైపు పొలం సెంట్లలో చెప్పుకుంటాం, ప్రశ్నలో చదరపు మీటర్లుంటాయి. సెంటు 48.4 గజాలు, గజం 0.8361 చదరపు మీటరు. 200 గజాలు 167.2 చదరపు మీటర్లవుతాయి, అంకె తగ్గుతుంది. ధర మాత్రం పెరుగుతుంది: గజం 50,000 అయితే చదరపు మీటరు సుమారు 59,800. 0.8361తో భాగించాల్సినచోట గుణిస్తే 41,805 వస్తుంది. ఇలాంటి తప్పు జవాబు ఆప్షన్లలో ముందే కూర్చుని ఉంటుంది.

రెండోది అద్దె మీద విలువ కట్టడం. వచ్చిన అద్దెలోంచి పన్నులు, మరమ్మతులు, బీమా తీసేశాకే నికర ఆదాయం. అది ఏటా 3 లక్షలు, రాబడి రేటు 8 శాతం అనుకో. శాశ్వత ఆదాయమైతే ఇయర్స్ పర్చేజ్ (ఏటి ఆదాయాన్ని ఎంతతో గుణిస్తే విలువ వస్తుందో ఆ అంకె) 12.5, విలువ 37.5 లక్షలు. ఇరవై ఏళ్లకే అయితే 9.818, సుమారు 29.45 లక్షలు. ఆదాయం ఎన్నేళ్లో చదవకుండా కాలిక్యులేటర్ ముట్టుకోకు.

మూడోది భవనం తరుగుదల. ఇందులో శాల్వేజ్, అంటే ఆయుష్షు తీరాక మిగిలే విలువ, తీసేయడం మరచిపోతారు. ఆయుష్షు 60 ఏళ్లు, వయసు 20, శాల్వేజ్ 10 శాతం అయితే ఏటా సమానంగా తగ్గించే స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో తరుగు 30 శాతం, 33.33 కాదు.

చట్టాలు మొత్తం మళ్లీ చదవక్కర్లేదు, అంకెలు పట్టుకో. రిజిస్ట్రేషన్‌కు దస్తావేజు సమర్పించే గడువు నాలుగు నెలలు. బ్యాంకులు మొండి బాకీలు రాబట్టుకునే సర్ఫేసీ చట్టంలో డిమాండ్ నోటీసు గడువు 60 రోజులు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరాలో, కొనేవాళ్లు కట్టిన డబ్బులో ప్రత్యేక ఖాతాకు 70 శాతం, నిర్మాణ లోపాలకు బిల్డర్ బాధ్యత ఐదేళ్లు. 2013 భూసేకరణ చట్టంలో సొలేషియం (పరిహారం మీద ఓదార్పుగా ఇచ్చే అదనపు సొమ్ము) 100 శాతం, కానీ మార్కెట్ విలువ మీద ఏటా లెక్కకట్టే 12 శాతం అదనపు మొత్తాన్ని కలిపి దాని మీద సొలేషియం లెక్కకట్టకూడదు. ఇక్కడే చాలామంది జారిపోతారు.

నాలుగు వారాలు తీసుకో. మొదటి రెండూ ఆ నోట్‌బుక్‌లోని తప్పులకే. తర్వాత మూడు రోజులకొకటి చొప్పున రెండు గంటల మాక్ టెస్ట్, ఫోన్ పక్క గదిలో పెట్టి. తెలిసినవి ముందు ముగించి, పొడవైన లెక్కలకు చివరి 40 నిమిషాలు ఉంచుకో. కోత పోను వరసగా మూడు మాక్‌లలో 68 దాటాక స్లాట్ బుక్ చెయ్. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా దరఖాస్తులో అలాగే రాయి.

ఆశీస్సులతో,
నీ మావయ్య