పాఠకుల ప్రశ్నలు: ఈత కొలను నీరు, వాసన, నిబంధనలు

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీలో ఈత కొలనులోంచి బయటికి వచ్చిన పిల్లల కళ్లు ఎర్రబడుతున్నాయి, ఒళ్లంతా క్లోరిన్ వాసన వేస్తోంది. మందు ఎక్కువ కలుపుతున్నారని తల్లిదండ్రులు అంటుంటే, వాసన ఉంటేనే నీరు శుభ్రంగా ఉన్నట్టని కొలను చూసుకునే అతను వాదిస్తున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇద్దరూ పొరబడుతున్నారు. ముక్కుకు తగిలే ఆ ఘాటు చాలావరకు క్లోరిన్‌ది కాదు. చెమటలోనూ మూత్రంలోనూ ఉండే నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు అనే సమ్మేళనాలు పుడతాయి. కళ్లు మండించేవీ, దగ్గు తెప్పించేవీ ప్రధానంగా అవే. కాబట్టి వాసన ఘాటుగా ఉన్నదంటే, క్రిములను చంపడానికి మిగలవలసిన క్లోరిన్ ఈ మలినాలతో పోరాడటానికే ఖర్చయిపోతోందేమోనని అనుమానించాలి. సరిగ్గా నిర్వహించే కొలను దగ్గర పెద్దగా వాసన రాదు.

అతన్ని రెండు అంకెలు అడగండి: నీటిలో స్వేచ్ఛగా మిగిలి ఉన్న క్లోరిన్ ఎంత, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) ఎంత. క్లోరిన్ లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము, ఎండకు అది విరిగిపోకుండా సైన్యూరిక్ ఆమ్లం వాడే కొలనుల్లో కనీసం 2 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సూచిస్తుంది. మన దగ్గర నిర్లక్ష్యానికి గురయ్యేది రెండో అంకె. పీహెచ్ 7.5 దగ్గర ఉన్నప్పుడు స్వేచ్ఛా క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చురుగ్గా చంపే రూపంలో ఉంటుంది, అదే 8.5కి చేరితే పదో వంతు మాత్రమే పనిచేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ పీహెచ్‌ను పెంచుతుంది కనుక, పీహెచ్ చూడకుండా పౌడర్ మాత్రం గుమ్మరిస్తూ పోతే ఖర్చు పెరుగుతుందే తప్ప రక్షణ పెరగదు. పీహెచ్ తగ్గించడానికి ఆమ్లం వాడతారు. దాన్ని పౌడర్‌తో ఒకే బకెట్‌లో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. రెండింటినీ ఒకే అరలో పెట్టడం కూడా తప్పే.

పరీక్ష ఎలా చేస్తున్నారో కూడా గమనించండి. రెండు చుక్కలు వేయగానే నీరు పసుపు రంగుకు మారే చవక కిట్ మొత్తం క్లోరిన్‌నే చూపుతుంది, అందులో క్లోరమైన్లు కూడా కలిసే ఉంటాయి. గులాబీ రంగు ఇచ్చే డీపీడీ కిట్ అయితే స్వేచ్ఛా క్లోరిన్‌ను విడిగా చెబుతుంది. ఇక ఈతకు ముందు సబ్బుతో స్నానం చేయించడం, చిన్నపిల్లలను గంటకోసారి మరుగుదొడ్డికి పంపడం తల్లిదండ్రుల వంతు. ఫిర్యాదు చేసేవారిలో ఎంతమంది ఈ పని చేస్తున్నారో నాకు కాస్త సందేహమే.

ప్రశ్న: ఇలాంటి కొలనులను ప్రభుత్వం తనిఖీ చేయదా? మేము ఏ నిబంధన చూపి అడగాలి?
– అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుడు, విశాఖపట్నం

జవాబు: ఈత కొలనుల కోసమే ప్రత్యేకంగా దేశమంతటికీ వర్తించే చట్టం మనకు లేదు; పురపాలక నిబంధనలు, రాష్ట్రాల ఉత్తర్వులు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటాయి. ఢిల్లీలో దశాబ్దాల పాటు కొలనులకు పోలీసులే లైసెన్స్ ఇచ్చేవారు, 2025 జూన్‌లో ఆ అధికారాన్ని వారి నుంచి తప్పించారు. నీటి నాణ్యతకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3328 అనే ప్రమాణం రూపొందించింది గానీ, ఏదైనా నిబంధనో ఒప్పందమో తప్పనిసరి చేస్తే తప్ప అది స్వచ్ఛందమే. అందువల్ల నిర్వహణ కాంట్రాక్టులో ఆ ప్రమాణం పేరును, రోజువారీ రీడింగులు రాసే రిజిస్టరును మీ సంఘమే షరతుగా చేర్చడం మేలు.

అంతకన్నా ముందు కొలను అడుగున ఉన్న డ్రెయిన్ జాలీని చూడండి. పంపు పీల్చే బలానికి జుట్టు, చేతులు, ఒక్కోసారి ఒళ్లే దానికి అతుక్కుపోతుంది. 2002లో వర్జీనియాలో ఏడేళ్ల బాలిక ఇలాగే వేడినీటి తొట్టిలో చనిపోయాక, అమెరికా 2007లో రక్షణ మూతలను తప్పనిసరి చేస్తూ ఆమె పేరిటే చట్టం తెచ్చింది. జాలీ పగిలినా, ఊడినా ఆ పూటకు కొలను మూయవలసిందే. గట్టు మీద నిలబడితే ఆ జాలీ స్పష్టంగా కనిపించాలి కూడా, ఎందుకంటే అది కనిపించనంత మసక నీటిలో మునిగిన పిల్లవాడూ కనిపించడు.

ప్రశ్న: కేరళలో మెదడు తినే అమీబా వార్తలు చదివాక పిల్లలను ఈతకు పంపాలంటే భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ వ్యాధి ప్రాణాంతకమే అయినా చాలా అరుదైనది. అమీబా ముక్కు ద్వారానే మెదడుకు చేరుతుంది, నీరు తాగినందువల్ల రాదు. క్లోరిన్ సరిపడా ఉన్న నీటిలో అది బతకదు కనుక, నిల్వ నీటి చెరువులు, వేడెక్కిన గుంటల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. మంచి కొలనులోనూ లొంగని శత్రువు వేరే ఉంది: విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం సరైన మోతాదు క్లోరిన్‌లో కూడా వారం రోజులకు పైగా బతుకుతుంది. విరేచనాలతో ఉన్న పిల్లలను కొలనులో దింపకండి; ఈ క్రిమి వల్లనేనని వైద్యులు నిర్ధారిస్తే, తగ్గిన తర్వాత కూడా రెండు వారాలు ఆగండి.